నీలం మూత సీసాలు

"మీ ఆవిడంటే మీకు అసూయ కదండీ?" అని అడిగాడు మాస్టారు.

ఎదురుగా స్టూలు మీద కూర్చున్న మనిషి కళ్ళజోడు తీసి, తెల్లకోటు అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"అసూయ అంటే కాస్త మర్యాదగా ఉంటుందండీ. నాది కుళ్ళు. ఆవిడ పరిశోధన అచ్చయిన రోజు నేను ఇంటికి వెళ్ళకుండా బస్టాండులో కూర్చున్నాను. ఏ బస్సూ ఎక్కలేదు. ఊరికే కూర్చుని వచ్చేపోయే బస్సుల్ని తిట్టుకున్నాను."

"మరి సీసాలు మీరే తీశారా?"

"తియ్యలేదు."

"ఎందుకు తియ్యలేదు?"

ఈ ప్రశ్న ఇంతవరకూ ఆయన్ని ఎవరూ అడిగినట్టు లేదు.

"ఆవిడ మందు కాస్తా పోతే, ఇంక నేను ఎవర్ని చూసి కుళ్ళుకోవాలండీ?" అన్నాడు చివరికి.

మాస్టారుకి నవ్వొచ్చింది. దాంతోపాటే నమ్మకమూ కలిగింది. కుళ్ళు సంగతి ఆయనకి బాగా తెలుసు. పక్కగదిలో ఫోనులో గట్టిగా మాట్లాడుతున్న ఇన్‌స్పెక్టరు గొంతు వినపడ్డప్పుడల్లా ఆ మాటల్లో ఏదో ఒక తప్పు వెతుక్కుంటున్నాడు. ఆ ఇన్‌స్పెక్టరు ఆయనకి బావమరిది. పోయిన భార్యకి ఒక్కగానొక్క తమ్ముడు.

మాస్టారు ఒకప్పుడు కాలేజీలో కెమిస్ట్రీ చెప్పాడు. ఆ ఉద్యోగం వదిలి ప్రైవేటు డిటెక్టివ్ అయినా జనం పిలుపు మాత్రం మారలేదు. నిన్న సాయంత్రం ఈ లాబొరేటరీ పెద్ద డాక్టరమ్మ ఆయన్ని పిలిపించింది. ఆవిడ ఫ్రిజ్‌లోంచి మూడు మందు సీసాలు పోయాయి. వచ్చిన అరగంటలోనే ఇన్‌స్పెక్టరు దొంగని తేల్చేశాడు: డాక్టరమ్మ మొగుడే. ఇవాళ నాలుగింటికి పట్టుకుపోతానన్నాడు.

"మా ఆయన కుళ్ళుబోతు. ఆ మాట నేనే రాసిస్తాను. దొంగ మాత్రం కాదు. నాలుగింటిలోపల తేల్చండి మాస్టారూ. ఒక్కసారి స్టేషన్‌కి తీసుకెళ్తే ఈ మనిషి మళ్ళీ లాబ్ మెట్లెక్కడు. సిగ్గుతో చస్తాడు" అంది డాక్టరమ్మ.

మొగుడూ పెళ్ళాలిద్దరూ పనిచేసేది మొహంలోని నొప్పి నరాల మీదే. ఆయనది చలిని పసిగట్టే చానెల్. పిప్పర్మెంటు దాన్ని తెరుస్తుంది కాబట్టి లాబ్‌లో అందరికీ ఆయన పిప్పర్మెంటు గారు. ఆవిడది వేడిని పసిగట్టే చానెల్. మిరపకాయలో మంట పుట్టించే పదార్థం దాన్ని తెరుస్తుంది. అందుకని ఆవిడ మిరపకాయ డాక్టరమ్మ. ఆవిడ కోపం చూసినవాళ్ళెవరూ ఆ పేరు పరిశోధన వల్ల వచ్చిందంటే నమ్మరు.

"పాఠం అయిందా బావా? బెల్లు కొట్టమంటావా?"

ఇన్‌స్పెక్టరు గుమ్మంలో నిలబడ్డాడు. మాస్టారు తలెత్తి చూసి ఒక క్షణం పోల్చుకోలేకపోయాడు. ఏడాదిగా పెంచిన గడ్డం లేదు. చెంపలు నున్నగా, కాస్త ఎర్రగా మెరుస్తున్నాయి. పైగా ఒంటి మీద కొత్త ఉన్ని కోటు.

"గడ్డం ఏమైంది?"

"పొద్దున్నే తీసేశాను. బావుందా?"

"ఫొటోగ్రాఫర్లు వస్తున్నారా?"

"వస్తే రానీ. నా మొహం నేను దాచుకుంటానా?" ఇన్‌స్పెక్టరు నవ్వుతూ అరచేతులు రుద్దుకున్నాడు. "ఆ ఏసీ కాస్త ఆపరూ? ఇది గదా, ఐసు ఫ్యాక్టరీనా?"

ఏసీ చెడిపోయి వారమైందని పిప్పర్మెంటు గారు మెల్లిగా చెప్పాడు. ఇన్‌స్పెక్టరు వినిపించుకోలేదు.

కొత్త కోటు చూపించుకోవడానికి చలి కూడా పుట్టించుకుంటాడు, అనుకున్నాడు మాస్టారు. పేపర్లో వచ్చే ఫొటోలన్నిటిలోనూ ఈ మనిషి కుడి చెంపే కనబడుతుంది. ఎడమవైపు ఎప్పుడూ గోడకో, తలుపుకో దాపెట్టి నిలబడతాడు. ఏ వైపు అందంగా ఉంటాడో అంత లెక్క. ఏడాది నుంచీ ఇతని కూతురు కూడా మాస్టారింటి గడప తొక్కలేదు. అత్త ఉన్నప్పటి నుంచీ వారానికోసారి వచ్చి పాట పాడి వెళ్ళే పిల్ల. తండ్రి గొప్పలు దానికీ అంటుకున్నాయని ఆయన ఎప్పుడో తీర్మానించుకున్నాడు.

"పద, నీ ఫ్రిజ్ చూద్దాం" అని లేచాడు మాస్టారు.

ఫ్రిజ్ గది వరండా చివర ఉంది. మనిషి చేతులు చాస్తే రెండు గోడలూ తగిలేంత ఇరుకు. తాళంచెవి తలుపు వెనక మేకుకే వేలాడుతోంది.

"ఇంత ఖరీదైన మందుకి ఇదా కాపలా?" అన్నాడు మాస్టారు.

"పరిశోధన చేసేవాళ్ళకి దొంగతనం చేసే తీరిక ఎక్కడండీ" అంది డాక్టరమ్మ.

ఫ్రిజ్ తెరిచింది. పై ట్రేలో బొటనవేలంత సీసాలు, తెల్లమూతలతో, బారుగా. ఒక్కటి కూడా కదల్లేదు. కింది ట్రేలో అవే సీసాలు, నీలం మూతలతో. చివరి వరసలో మూడు గుంటలు ఖాళీ. పక్కనుండే మంచు సంచి ఒకటి లేదు.

మాస్టారు వంగి, కళ్ళద్దాలు నుదుటి మీదకి తోసి, తలుపు చుట్టూ ఉన్న రబ్బరుని వేలితో తడుముతూ వచ్చాడు. కింది మూల దగ్గర వేలు ఆగింది. అట్టముక్క. నాలుగు మడతలు పెట్టి, మడత కొన లోపలికి ఉండేలా సందులో బిగించారు.

"ఇది మీరు పెట్టిందేనా?"

"కాదే!" అంది డాక్టరమ్మ. "ఆ మూల రబ్బరు సాగిపోయింది. తలుపు సరిగ్గా పడదు. రోజూ సాయంత్రం మా ఆయన వచ్చి ఒక తన్ను తన్ని వెళ్తాడు."

పిప్పర్మెంటు గారు గోడ వైపు తిరిగాడు. "మందు పాడైపోతుందని" అని గొణిగాడు.

"చూశారా, కుళ్ళుబోతని చెప్పానా లేదా?" అంది ఆవిడ. ఆ మాటలో ఉన్న మెత్తదనానికి మాస్టారు తల దించుకున్నాడు.

దొంగ వచ్చాడు. తనకి కావలసింది తీసుకున్నాడు. పోతూ పోతూ తలుపు పడటం లేదని గమనించి, మిగతా మందు పాడవకుండా అట్టముక్క పెట్టి బిగించి వెళ్ళాడు. ఇంత దయగల దొంగని మాస్టారు తన సర్వీసులో చూడలేదు. ఆ మడతని అంతకుముందు ఎక్కడో చూసినట్టు మాత్రం అనిపించింది. ఎక్కడో గుర్తుకు రాలేదు. జేబులో వేసుకున్నాడు.

"నీలం మూతలంటే ఏమిటమ్మా?"

"పనికిరాని బ్యాచ్. మోతాదు దారుణంగా ఎక్కువైంది. తగలబెట్టేవాళ్ళు నెలకోసారి వస్తారు, అందాకా ఇక్కడే ఉంటుంది. తెల్లమూతలు సోమవారం రోగులకి ఇవ్వాల్సినవి. నీలం మూత ముట్టకూడదని ఈ లాబ్‌లో అందరికీ తెలుసు."

"విన్నావా?" అని మాస్టారు బావమరిది వైపు తిరిగాడు. "ఈయనకి భార్య మీద కుళ్ళే ఉంటే తెల్లమూతలు ఒలకబోసేవాడు. సోమవారం పని ఆగిపోయేది, ఆవిడ పరువు పోయేది. అసూయ ఉన్నవాడు పాడుచేస్తాడు కానీ జాగ్రత్తగా మంచులో పెట్టి పట్టుకెళ్ళడు. నీలం మూతంటే ఏమిటో తెలియనివాడే తీశాడు. అంటే బయటివాడు."

"అసూయ గురించి నీకింత బాగా ఎలా తెలుసు బావా?"

మాట సూదిలా దిగింది. మాస్టారు తమాయించుకున్నాడు.

"నేను అడిగినదానికి జవాబు చెప్పు."

"చెప్తాను. బయటివాడు తీశాడని మనం అనుకోవాలనే ఈయన నీలంవి తీశాడు. చదువుకున్నవాడు కదా, ఆ మాత్రం తెలివి ఉండదా?" ఇన్‌స్పెక్టరు మాటలు గబగబా వచ్చాయి, కంఠతా వచ్చిన పాఠం అప్పజెప్పినట్టు. "నాలుగింటికి జీపు వస్తుంది. రెండు రోజులు లోపల కూర్చోబెడితే నిజం అదే వస్తుంది. రాకపోతే వదిలేస్తాను. నీ తీరులో నెలల తరబడి రబ్బరు తడుముతూ కూర్చుంటే నా ఉద్యోగం ఊడుతుంది."

"అమాయకుణ్ణి రెండు రోజులు కూర్చోబెట్టడం మీ అక్కకి నచ్చేది కాదు."

"అక్కకి ఏది నచ్చేదో నువ్వు నాకు చెప్తావా?"

ఇన్‌స్పెక్టరు ఫోను మోగింది. బతికిపోయినట్టు దాన్ని చెవికి ఆనించుకుని వరండాలోకి వెళ్ళిపోయాడు.

ఎడమ చెవికి. ఎడమ చెంపకి గట్టిగా అదిమి పెట్టుకున్నాడు. మాస్టారు అది చూశాడు, చూసి వదిలేశాడు. ఆయన మనసు ఇంకోచోట ఉంది.

ఆయన భార్యకి మొహం నొప్పి ఉండేది. ఎడమ చెంప మీద ఫ్యాను గాలి తగిలినా, జుట్టు తగిలినా, కరెంటు షాకు కొట్టినట్టు ముడుచుకుపోయేది. నొప్పి వచ్చిన రోజు ఆవిడ పిలిచేది మొగుణ్ణి కాదు, తమ్ముణ్ణి. ఎంత పని ఉన్నా వాడు పరిగెత్తుకు వచ్చేవాడు. అక్కా తమ్ముడూ గదిలోకి వెళ్ళి తలుపేసుకునేవాళ్ళు. గంటలకొద్దీ. లోపల్నుంచి మాటలు కూడా వినపడేవి కావు. మాస్టారు గోరువెచ్చటి నీళ్ళ గ్లాసు పట్టుకుని బయట నిలబడేవాడు, నీళ్ళు చల్లారిపోయేవి. ఆవిడ గుండెజబ్బుతో పోయి నాలుగేళ్ళయింది. ఆ మూసిన తలుపు మాత్రం ఆయన లోపల ఇప్పటికీ తెరుచుకోలేదు.

"డాక్టరమ్మా, ఈ మందు అసలు ఏం చేస్తుంది? కెమిస్ట్రీ మాస్టారుకి చెప్పినట్టు కాకుండా, మామూలుగా చెప్పండి."

ఆవిడ స్టూలు లాక్కుని కూర్చుంది.

"మొహంలో నొప్పి తెలిపే నరం ఒక ఇల్లనుకోండి. దానికి బోలెడు చిన్న చిన్న తలుపులు. అయాన్ చానెళ్ళంటే అవే. వేడి తగిలితే ఒకటి తెరుచుకుంటుంది, చలి తగిలితే ఇంకోటి. తెరుచుకోగానే సోడియం, కాల్షియం కణాలు లోపలికి దూకుతాయి. నరం మెదడుకి కబురంపుతుంది, మంట అనో, చలి అనో."

"మరి రిసెప్టర్లు?"

"గుమ్మం దగ్గరి కాపలావాళ్ళు. ఎక్కడైనా వాపో దెబ్బో ఉంటే ఒంట్లో కొన్ని రసాయనాలు ఊరి, వచ్చి వాళ్ళని తట్టిలేపుతాయి. వాళ్ళు వెళ్ళి తలుపుల గడియలు వదులు చేస్తారు. ఇంక అప్పుడు గాలి తగిలినా నిప్పు తగిలినట్టే. మా ఆయన్నే చూడండి. నా పేరు ఎక్కడైనా వినపడితే చాలు, తలుపులన్నీ బార్లా తెరుచుకుంటాయి."

"మధ్యలో నేనెందుకే?" అన్నాడు పిప్పర్మెంటు గారు.

"నేను వేడి తలుపుకి గట్టి గడియ చేశాను మాస్టారూ. నాలుక కింద నాలుగు చుక్కలు. మొహం నరాల్లో ఆ తలుపు మూస్తే మిగతావీ సద్దుమణుగుతున్నాయి."

"ఈ నొప్పి కుటుంబాల్లో వస్తుందా?"

"అరుదుగా. కొన్ని ఇళ్ళల్లో ఆ తలుపుల బందులు పుట్టుకతోనే వదులు. మీ బావమరిది గారు కూడా సరిగ్గా ఇదే అడిగారు. పదిరోజుల కిందట మా కిటికీ అద్దం ఎవరో పగలగొట్టారని ఫిర్యాదిస్తే వచ్చారు. గంటసేపు లాబంతా తిరిగి ఎంత శ్రద్ధగా విన్నారో!"

మాస్టారు మొహం మాడింది. తనకి తోచిన మంచి ప్రశ్న కూడా వాడు ముందే అడిగేశాడన్నమాట. ఆ చిరాకులో అసలు సంగతి చేతిలోంచి జారిపోయింది.

"నీలం మూత మందు ఎవరైనా తాగితే?"

డాక్టరమ్మ మొహంలో నవ్వు పోయింది. "వేడి తలుపు ఒంటికి కావలసిన తలుపే. దాన్ని మరీ బిగించేస్తే రెండు ముప్పులు. ఒకటి, ఒళ్ళు తన వేడి తాను తెలుసుకోలేదు. జ్వరం ఎక్కుతూనే ఉంటుంది, మనిషి మాత్రం చలి చలి అంటాడు. రెండోది, కాలుతున్నా తెలియదు. మా ఎలుకలు వేడి పళ్ళెం మీద నిలబడి పాదం ఎత్తలేదు. అందుకే ఆ బ్యాచ్ పక్కన పెట్టాం."

"అయితే పట్టుకోవాల్సింది దొంగని కాదు, రోగిని" అన్నాడు మాస్టారు. "పిప్పర్మెంటు గారూ, టీ పెట్టండి. బాగా మరగాలి."

"ఇప్పుడు టీ ఏమిటండీ?"

"మీరు ఆ మందు తాగలేదని మా బావమరిదికి కళ్ళారా చూపించాలి. ఆ తర్వాత లాబ్‌లో ఒక్కొక్కరినీ పిలుద్దాం."

బీకరులో టీ కుతకుతలాడింది. పిప్పర్మెంటు గారు నాలుగు స్టీలు గ్లాసుల్లో పోశాడు. ఒకటి ఎత్తబోయి, "అబ్బా!" అని వేళ్ళు చెవి తమ్మెకి అంటించుకున్నాడు. డాక్టరమ్మ చీర చెంగు అడ్డం పెట్టుకుని గ్లాసు పట్టుకుని, పెదవి ఆనించి, వెనక్కి లాగేసుకుంది. మాస్టారు ఒక్క చుక్క నాలుక మీద వేసుకుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ముగ్గురూ ఒకర్నొకరు చూసుకుని, ఇంత ఆదుర్దాలోనూ పక్కున నవ్వారు.

ఇన్‌స్పెక్టరు తిరిగొచ్చాడు.

"భలే! ముద్దాయితో టీ పార్టీయా? నాకేదీ?"

నాలుగో గ్లాసు ఒట్టి చేత్తో అందుకున్నాడు. కోటు కాలర్ పైకి లాక్కుంటూ, గటగటా, ఊదకుండా, మంచినీళ్ళు తాగినట్టు తాగేసి గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"చల్లారిపోయింది బావా. ఈ చలికి కాస్త వేడిగా ఇవ్వచ్చుగా?"

మాస్టారు మనసు అలవాటు కొద్దీ ముందు ఈర్ష్య పడింది: ఇందులోనూ వాడే గెలిచాడు. ఆ వెంటనే ఒళ్ళు జల్లుమంది.

బావమరిది వేళ్ళ చివర్లు కందిపోయి ఉన్నాయి. కింది పెదవి మీద తెల్లటి పొర లేస్తోంది. ఆయనకేమీ తెలియడం లేదు. గడ్డం తీసిన ఎడమ చెంప. ఫోను అదుముకున్న ఎడమ చెంప. ఏ ఫొటోలోనూ కనపడని ఎడమ చెంప.

మాస్టారు లేచి దగ్గరికి వెళ్ళి, అడగకుండా నుదుటి మీద చెయ్యి వేశాడు. పెనంలా కాలుతోంది. జేబులోంచి అట్టముక్క తీసి ఆయన కళ్ళ ముందు పెట్టాడు. ఇప్పుడు గుర్తొచ్చింది. భార్య గదిలో, కిటికీ సందుల్లో, ఇవే నాలుగు మడతలు. ఆవిడ చెంపకి గాలి తగలకుండా ఎవరో పెట్టినవి. నాలుగేళ్ళుగా వాటిని తియ్యడానికి ఆయనకి చేతులు రాలేదు.

"నీక్కూడానా?" అన్నాడు.

ఇన్‌స్పెక్టరు నవ్వబోయాడు. నవ్వు రాలేదు. బల్ల అంచు పట్టుకుని కూర్చున్నాడు.

"ఎనిమిదేళ్ళ నుంచి. అక్కకి మొదలైన రెండేళ్ళకి నాకూ మొదలైంది. ఇద్దరం తలుపేసుకుని కూర్చునేవాళ్ళం. మాట్లాడితే నొప్పి కదా బావా, అందుకే మాటల్లేవు. నీకు చెప్పొద్దంది. 'ఆయన నా ఒక్కదాని కోసమే సగం అయిపోయాడు, నీ కోసం కూడా అయితే ఆయనకేం మిగుల్తుంది' అంది."

మాస్టారు నీళ్ళ గ్లాసు పట్టుకుని నిలబడ్డ ఆ గుమ్మం ముందు ఇంకోసారి నిలబడ్డాడు. లోపల ఆయనకి వ్యతిరేకంగా ఏమీ జరగలేదు. ఇద్దరు మనుషులు నొప్పి పంచుకున్నారు, ఆయన వంతు మిగిల్చిపెట్టారు. అంతే.

"తెల్లమూతలు రోగులవని ముట్టుకోలేదు" అంటున్నాడు బావమరిది, దవడలు కొట్టుకుంటుండగా. "పక్కన పెట్టినవి ఎవరికీ అక్కర్లేనివి అనుకున్నాను. ఈయన్ని కూడా ఎల్లుండి వదిలేసేవాణ్ణి. ఒట్టు బావా. రెండు రోజుల టైము కావాల్సొచ్చింది, అంతే."

డాక్టరమ్మ అప్పటికే తడిగుడ్డలు తెమ్మని మొగుణ్ణి కేకేసింది. పిప్పర్మెంటు గారు తనని జైల్లో పెడతానన్న మనిషి కోటు గుండీలు తనే విప్పుతున్నాడు. మంచు సంచులన్నీ తెచ్చి చంకల కింద పెట్టాడు.

"టైము దేనికి?" అన్నాడు మాస్టారు. "మూడు సీసాలు కదా. ఎన్ని తాగావు?"

"ఒకటి. ముందు నా మీద వేసి చూసుకోవాలి కదా. నిన్నటి నుంచీ ఒక్కసారి కూడా నొప్పి రాలేదు. ఒక్కసారి కూడా!" ఆయన కళ్ళలో నీళ్ళు. "అందుకే ఇవాళ బయల్దేరేముందు రెండోది..."

"ఎవరికి?"

"మా అమ్మాయికి బావా. దానికీ వచ్చింది. ఏడాది అయింది. పాట మానేసింది. నీ దగ్గరికి వస్తే నువ్వు కనిపెట్టేస్తావని రాలేదు."

మాస్టారు ఫోను తీశాడు. అవతల చాలాసేపు మోగింది. ఇంక ఎత్తదేమో అనుకుంటుండగా ఎత్తింది.

"మావయ్యా!" ఏడాది తర్వాత విన్న గొంతు, చిన్నప్పటంత హుషారుగా. "నాన్న చెప్పేశాడా? నొప్పి లేదు మావయ్యా! పొద్దున్న తల దువ్వుకున్నాను. గట్టిగా పాడాను కూడా. రేపు నీ దగ్గరికొచ్చి పాడతా."

"పాడుదువుగాని తల్లీ. ఇప్పుడు ఎలా ఉంది? ఏం చేస్తున్నావు?"

"చలేస్తోంది కాస్త. తలారా స్నానం చేద్దామని నీళ్ళు పెట్టాను. కానీ ఈ స్టవ్వుకి ఏమైందో మావయ్యా." ఫోనులోంచి నీళ్ళు తెర్లుతున్న చప్పుడు స్పష్టంగా వినిపిస్తోంది. "బుడగలొస్తున్నాయి, ఆవిర్లొస్తున్నాయి. ఇందాకట్నుంచి చెయ్యి లోపలే పెట్టి చూస్తున్నాను, గోరువెచ్చగా కూడా అవ్వలేదు."